బిల్లుకు కుప్పలు పెట్టాలె

(హనుమకొండల, కొత్తగా ఉద్యోగాల్ల చేరినోళ్ల కోసం పెట్టిన సమావేశంల చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసిన పాఠం.)

అందరికీ నమస్తే. తమ్ముళ్లు, చెల్లెండ్లు, వెనుక నిలబడ్డ అన్నలు గూడ జర ముందుకొచ్చి కూసోండ్రి, కుర్చీలున్నయ్.

ఇయ్యాల్టి ముచ్చట బిల్లు. హోటల్ల బిల్లు, బార్ల బిల్లు, చాయ్ బండి కాడ ఇచ్చే ఇరవై రూపాయలు, దసరా దావత్ ఖర్చు. చిన్న ముచ్చట అనిపిస్తది గని, పదేండ్ల దోస్తానా మూడొందల రూపాయల కాడ తెగుతది. తెగినంక ఎవ్వరూ పైసల పేరు ఎత్తరు. "వాడు మునుపటి లెక్క లేడు" అంటరు, అంతే. అసలు సంగతేందంటే, ఎవరి మనసుల వాళ్లకో పద్ధతి ఉంటది, దాన్ని ఒక్కరూ నోరు తెరిచి చెప్పరు. ఒకడు తలా ఇంత అనుకుంటడు. ఇంకొకడు ఎవరు తిన్నది వాళ్లు కట్టుకుంటరు అనుకుంటడు. మూడోవాడు, పిలిచినోడే కడ్తడు గదా అని పైసలు తేకుండనే వస్తడు. ముగ్గురూ తప్పు చెయ్యలే. ముగ్గురికీ మనసు విరిగింది.

సోంపు గిన్నె, దాని పక్కన బిల్లు పెట్టిన నల్ల అట్ట వచ్చినంక మాట్లాడుదామంటే ఆలస్యమైపోయినట్టే. అప్పుడు ఒకడు చేతులు కడుక్కోవడానికి లేస్తడు, ఒకడు ఫోన్ చూస్తడు, మొహమాటం ఎక్కువున్నోడు జేబుల చెయ్యి పెడ్తడు. ప్రతిసారి ఆ మొహమాటస్తుడే బలైతడు. అందుకే మెనూ చేతికొచ్చినప్పుడే ఒకరు చెప్పాలె: "ఇయ్యాల తలా ఇంత ఏసుకుందామా, ఎవరిది వాళ్లదా?" రెండు సెకండ్ల మాట. ఎవరు చెప్పాలె అంటే, ఆ గుంపుల కొంచెం ఎక్కువ సంపాదించేటోడు చెప్పాలె. తక్కువున్నోడు అడిగితే కక్కుర్తి అనుకుంటరు. ఎక్కువున్నోడు అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ముందుగాల చాయ్ సంగతి చూద్దాం, అది అల్కగ అయిపోతది. చాయ్ కాడ లెక్క రాయొద్దు. పిలిచినోడు కట్టాలె, రేపు ఇంకొకడు పిలవాలె. నలుగురున్నప్పుడు ఒకడు వరుసగా నాలుగు దినాలు తప్పించుకుంటే ఐదో దినం మిగిలినోళ్లకు కనపడుతనే ఉంటది, అనాల్సిన పని లేదు. వన్ బై టూ చెప్తే ఆ రెండు కప్పులకు కలిపి ఒక్కరే ఇయ్యాలె, సగం చాయ్‌కు సగం పైసలు ఏరుడు బాగుండదు. ఒక్కటి మాత్రం ఖచ్చితంగ పాటించుండ్రి: చాయ్ ఖాతాల సిగరెట్లు కలపొద్దు. ఒక్క సిగరెట్ ధర చాయ్ కంటే ఎక్కువ. చాయ్ తాగించేటోని మీద రెండు సిగరెట్లు ఏసి "ఇవి గూడ కట్టు అన్నా" అంటే అది చాయ్ తాగినట్టు కాదు. సిగరెట్ ఎవరిది వాళ్లు, అక్కడికక్కడ.

ఇగ మందు కాడ రౌండ్లు. రౌండు అంటే ఒకరే అందరికీ తలా ఒకటి తెప్పించి ఆ పైసలు కట్టుడు. ఒక రౌండు ఒకరు చెప్పుడు, తర్వాతది ఇంకొకరు చెప్పుడు. ఈ పద్ధతి ముగ్గురి దాకనే పనిచేస్తది. ఎందుకో లెక్క చూడుండ్రి. ఐదుగురు కూసున్నరు, తలా ఒక రౌండు చెప్పాలె. అంటే లెక్క సమానం కావాలంటే ప్రతి ఒక్కరూ ఐదు బీర్లు తాగాలె. ఒక బీరు సీసా 650 మిల్లీలీటర్లు. ఐదు సీసాలంటే మూడుంబావు లీటర్లు. అంత తాగేటోడు ఆ ఐదుగురిల ఎవ్వడూ ఉండడు. ఉన్నా తాగొద్దు. రెండో రౌండుకో మూడో రౌండుకో ఆపేస్తరు, అప్పుడు మొదట చెప్పిన ఇద్దరు ముగ్గురు మునిగిపోతరు, చివరికి మిగిలినోళ్లు ఫ్రీగ తాగినట్టు అయితది. లేకపోతే "వాడు చెప్పిండు, నేను గూడ చెప్పకపోతే బాగుండదు" అని ఎవరికీ వద్దనుకున్న సీసాలు టేబుల్ మీదికొస్తయ్. రౌండ్లల్ల జరిగే నష్టం ఇదే. తాగాలని లేకపోయినా బాకీ తీర్చడానికి తాగుడు.

ముగ్గురికి మించితే రౌండ్లు బంద్ పెట్టి, కూసున్న వెంటనే తలా ఇంత జమ చేయుండ్రి. తలా ఐదొందలు ఒకరి చేతికి. ఆ పైసలు అయిపోయినయంటే ఆట అయిపోయినట్టే, లేదంటే అందరి ఇష్టం మీద మల్ల తలా రెండొందలు. పైసలు పట్టుకునేటోడు ఆ దినం తాగనోడైతే ఇంకా మంచిది, లెక్క తప్పదు.

ముగ్గురే ఉండి రౌండ్లే కావాలనుకుంటే నాలుగు కట్టుబాట్లు. ముందుగాల పోవాల్సినోడు మొదటి రౌండు చెప్పాలె. ఆలస్యంగ వచ్చినోనికి అయిపోయిన రౌండ్ల బాకీ లేదు. వేరేవాళ్లు చెప్పిన రౌండుల వాళ్లు తాగే ధరకు మించిన బ్రాండ్ అడగొద్దు, ఎక్కువది కావాలంటే తన రౌండుల తాను తెచ్చుకోవాలె. ఒకడు "నాకు చాలు" అన్నడంటే ఆ మాట మొదటిసారికే వినాలె. "అరే, ఒక్కటి తీస్కో, నా మీద ఒట్టు" అని బలవంతం చేసుడు మన దిక్కు ప్రేమ కింద చలామణి అయితది. నాకైతే అది మర్యాదలల్ల అన్నిటికంటే పాడు మర్యాద అనిపిస్తది. పక్క మనిషి కడుపు మీద, జేబు మీద రెండిటి మీద పెత్తనం అది.

బండి నడిపేటోని సంగతి గూడ ఈడనే చెప్పాలె. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంల 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. మొదటిసారికే పది వేల జరిమానానో, ఆరు నెలల దాకా జైలో, లేదంటే రెండూనో. అందర్ని ఇండ్ల కాడ దించే బాధ్యత ఒకడు తీసుకుండంటే, వాని సోడా, వాని తిండి తాగినోళ్లు పంచుకోవాలె. వానికి బిల్లుల వాటా లేదు. ఇది దయ కింద రాదు, వాడు చేసే పనికి న్యాయమైన లెక్క. మన రాష్ట్రంల 21 ఏండ్లు నిండనోళ్లకు మందు అమ్మొద్దు, కాబట్టి చిన్న తమ్ముళ్లున్న గుంపుల ఈ రౌండ్ల ముచ్చటే రావద్దు.

కల్లు కాడ లెక్క వేరే. తాటివనంల గౌడన్న కాడ లొట్టి చెప్తిమా, అది అందరిదీ. తాటాకు రేకల పోసుకొని తాగేదాన్ని ఎవడు ఎంత తాగిండో కొలిచేటోడు ఉండడు, కొలవొద్దు గూడ. లొట్టి ధర ముందే మాట్లాడుకొని తలా ఇంత ఏసుకుంటే అయిపాయె. గుడాలు, బోటి, మిరపకాయలు ఎవరి ఇంటి నుంచి వస్తే వాళ్ల వాటా కొంచెం తగ్గించుండ్రి.

ఇప్పుడు పెద్ద ముచ్చటకు వద్దాం. ఫ్యామిలీ రెస్టారెంటో, బార్ అండ్ రెస్టారెంటో. రకరకాల మనుషులు ఒకటే టేబుల్. దీనికి మన ఊర్లల్లనే మంచి పద్ధతి ఉంది. పండుగకు పది ఇండ్లోళ్లు కలిసి యాటను కొంటరు. కోసినంక తలకాయ, కాళ్లు పక్కకు తీసి, మిగిలినదాన్ని తాటాకుల మీదనో, కవర్ల మీదనో కుప్పలు పెడ్తరు. ప్రతి కుప్పల మెత్తటి కూర కొంత, బొక్క కొంత, కార్జం ముక్క, బోటి ముక్క పడాలె. కుప్పలు పెట్టినంక కొన్ని ఊర్లల్ల ఒకరిని అటు మళ్లి నిలబడమని, "ఈ కుప్ప ఎవరిది?" అని అడుగుతరు. ఆయన చూడకుండ పేరు చెప్తడు. అటెన్క ఎవరికీ "నాకు బొక్కలే వచ్చినయ్" అనే మాట ఉండదు. తలకాయ తీసుకున్నోడు దానికి వేరే పైసలు ఇస్తడు, తలకాయ ధర అందరి మీద పడదు. బిల్లుకు గూడ గట్లనే కుప్పలు పెట్టాలె. అందరూ తిన్నది ఒక కుప్ప, కొందరే తిన్నది ఒక కుప్ప, మందు ఒక కుప్ప.

ఒక బిల్లు తీసుకొని చూద్దాం. నక్కలగుట్టల ఒక హోటల్ అనుకుండ్రి, ఐదుగురు. ఒకరు శాకాహారి. నలుగురు మాంసం తింటరు, ఆ నలుగురిల ఇద్దరు బీర్ తాగిండ్రు. బిల్లుల ఇవి ఉన్నయ్: వెజ్ మంచూరియా 200, పనీర్ కూర 240, బటర్ నాన్‌లు నాలుగు 180, నీళ్ల సీసాలు రెండు 40. ఇవి అందరూ ముట్టుకున్నవి, మొత్తం 660. చికెన్ 65 ఒకటి 280, మటన్ బిర్యానీలు రెండు 720, చికెన్ బిర్యానీ ఒకటి 280. ఈ మాంసం కుప్ప 1,280. బీర్లు మూడు, ఒక్కోటి 250, మందు కుప్ప 750. ఒకరు రెండు తాగిండ్రు, ఒకరు ఒకటి.

తిండి మీద ఐదు శాతం జీఎస్టీ పడుతది, రెండున్నర కేంద్రానిది, రెండున్నర రాష్ట్రానిది. మందు జీఎస్టీ కిందికి రాదు, దాని మీద పన్ను రాష్ట్రం వేరేగ తీసుకుంటది. కాబట్టి జీఎస్టీని తిండి కుప్పల మీదనే ఎయ్యాలె. చాలమంది ఈడనే తప్పు చేస్తరు, మొత్తం బిల్లు మీద పన్ను సగటు తీసి పంచుతరు.

తిండి 1,940, జీఎస్టీ 97, మందు 750. మొత్తం 2,787 రూపాయలు. కండ్లు మూసుకొని ఐదుకు భాగిస్తే తలా 557 రూపాయల 40 పైసలు. ఇప్పుడు కుప్పల ప్రకారం చూడుండ్రి. అందరి కుప్ప 660ని ఐదుకు భాగిస్తే 132, జీఎస్టీ కలిపి 138 రూపాయల 60 పైసలు. మాంసం కుప్ప 1,280ని నలుగురికి పంచితే 320, జీఎస్టీతోని 336. శాకాహారి వాటా 139 కాడ ఆగిపోతది. మాంసం తిని తాగనోళ్లు ఇద్దరిది తలా 475. ఒక బీర్ తాగినాయనది 725. రెండు తాగినాయనది 975.

తేడా చూసిండ్రా? తలా ఇంత అంటే శాకాహారి తాను తిన్నదానికి నాలుగింతలు కట్టాలె. ఆయన మొహమాటానికి నవ్వుకుంట కట్టేస్తడు. రెండోసారి గూడ కడ్తడు. మూడోసారి "పనుంది, మీరు పోన్రి" అంటడు. మీరేమో ఆయనకు టైం లేదనుకుంటరు.

కుప్పలు పెట్టుడు ప్రతి బిల్లుకు అక్కర్లేదు. అందరూ దాదాపు ఒకటే తిని, ఎక్కువ కట్టాల్సినోనికి తక్కువ కట్టాల్సినోనికి తేడా యాభయో వందో ఉంటే తలా ఇంతనే మంచిది. "నేను ఒకటే నాన్ తిన్న, నువ్వు రెండు తిన్నవు" అని లెక్క తీసేటోనితోని అన్నం తినబుద్ధి కాదు. నాన్‌లు, రోటీలు, పాపడ్, ఉల్లిగడ్డ, నీళ్లు ఎప్పుడూ అందరి కుప్పలనే. విడదీయాల్సినవి మందు, మాంసం, ఒక్కరే చెప్పుకున్న ఖరీదైన ఐటం, పార్శిల్. పార్శిల్ సంగతి గట్టిగ చెప్తున్న: ఇంటికి బిర్యానీ కట్టించుకుంటే దానికి వేరే బిల్లు అడగాలె. టేబుల్ బిల్లుల కలిపితే తినని నలుగురు మీ ఇంటోళ్ల అన్నానికి పైసలు కట్టినట్టు అయితది.

పంచేముందు బిల్లు చదవాలె. లేవడానికి పది నిమిషాల ముందే తెమ్మనుండ్రి, హడావిడి ఉండదు. ఒకరే చదవాలె, మెల్లగ. మొదట ఐటంల సంఖ్య. రోటీలు, నీళ్ల సీసాలు, ఈ రెండిట్లనే ఎక్కువ తప్పులు పడుతయ్, ఎందుకంటే అవి విడతలు విడతలుగ వస్తయ్. తెరవని నీళ్ల సీసా వాపస్ ఇయ్యొచ్చు. అటెన్క జీఎస్టీ. కాంపోజిషన్ స్కీం, అంటే అమ్మకం మీద తక్కువ పన్ను తామే కట్టే పద్ధతిల ఉన్న చిన్న హోటల్ గిరాకీ కాడ పన్ను వసూలు చెయ్యొద్దు. వాళ్ల బిల్లు మీద ఆ సంగతి రాసుంటది, రాసి గూడ పన్ను ఏస్తే అడగాలె. అటెన్క సర్వీస్ ఛార్జ్, అంటే వడ్డించినందుకని హోటలోళ్లు ఏసే పైసలు. 2022 జూలైల కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, దాన్ని బిల్లుల వాళ్లంతట వాళ్లే కలపొద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిల ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసెయ్యమని మర్యాదగ అడుగుండ్రి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. వడ్డించిన తమ్మునికి ఇయ్యాల్సిన టిప్పు ఆ తమ్ముని చేతికే ఇయ్యుండ్రి. ఇందాకటి లెక్కనే చూస్తే, ప్రతి వాటాను పైపదికి పెంచుతే 140, 480, 480, 730, 980, మొత్తం 2,810 అయితది. ఆ మిగిలిన 23కు ఇంకొంత కలిపి ఇస్తే టిప్పు గురించి వేరే పంచాయితీ ఉండదు.

కట్టుడు ఎట్ల? బిల్లు ఒక్కరే కట్టాలె, మిగిలినోళ్లు లేవకముందే వాళ్లకు ఫోన్‌పే కొట్టాలె. ఐదుగురు కౌంటర్ కాడ ఐదు ఫోన్లు పట్టుకొని నిలబడితే, ఒకరిది సర్వర్ డౌన్ అయితది, వెనుక లైన్ ఆగుతది, క్యాషియర్ తిక్కల మొహం పెడ్తడు. కట్టేటోడు బ్యాంకుల పైసలున్నయో లేవో ముందే చూసుకోవాలె. కొత్త ఫోన్ల యూపీఐ పెట్టుకుంటే మొదటి 24 గంటలు 5,000 దాటి పోనియ్యదు, పెద్ద బిల్లు అట్లాంటాయన మీద పెట్టొద్దు. ఇంకోటి, మునుపు దోస్తుకు "పైసలు పంపు" అని యూపీఐ యాప్‌ల కలెక్ట్ రిక్వెస్ట్ పెట్టేటోళ్లు. మోసాలు ఎక్కువైనయని 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికి మనిషి పెట్టే ఆ రిక్వెస్టులు యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపేసింది. ఇప్పుడు మెసేజ్‌ల రాసి అడగాలె, లేదంటే క్యూఆర్ చూపియ్యాలె. ఒక్కటి యాదికుంచుకోండ్రి, పైసలు తీసుకోవడానికి పిన్ కొట్టే పని లేదు. దోస్తు పేరు మీద ఏదన్నా వచ్చి పిన్ అడిగితే కొట్టొద్దు, ఫోన్ చేసి అడుగుండ్రి.

మెసేజ్ రాసుడుల గూడ తెలివి ఉండాలె. "తమ్మీ, నిన్నటిది చూసి వీలున్నప్పుడు ఎయ్యి" అని రాస్తే ఆ వీలు ఎన్నడూ రాదు. ఎంత, దేనికి, ఎప్పటిలోపల, మూడూ ఉండాలె. "తమ్మీ, రాత్రి తిన్నదాంట్ల నీది 480 అయింది, బిల్లు ఫోటో పెట్టిన. ఇయ్యాల పొద్దుగూకేవరకు కొట్టు, రేపు నేను కిరాయి కట్టాలె." బిల్లు ఫోటో పెట్టుడు నమ్మకం లేక కాదు, అడిగే శ్రమ వాళ్లకు తప్పించడానికి. తెల్లారిలోపే అడగాలె, వారం దాటితే మీకే అడగబుద్ధి కాదు. వాట్సాప్ గ్రూపుల పేరు పెట్టి అడగొద్దు. మొదటిసారి మరిచిపోవచ్చు, ఎవరైనా మరుస్తరు. మూడుసార్లు మరిచినోనితోని మల్ల పోవాల్సి వస్తే, ఆర్డర్ ఇయ్యకముందే "ఇయ్యాల ఎవరిది వాళ్లం కడ్తం" అని అందరికీ కలిపి చెప్పుండ్రి, ఆయనను చూడకుండ.

పైసలు లేనోని సంగతి. మన హనుమకొండల గ్రూప్స్‌కో, డీఎస్సీకో చదువుకుంట రూముల ఉండేటోళ్లు ఎంతమందో. నెల ఖర్చు ఇంటి నుంచి వస్తది, అదీ లెక్కగ. అట్లాంటి దోస్తును తీస్కపోయి అందరి ముంగట "నువ్వు కట్టొద్దు తీ" అనొద్దు. ఆ మాటకు ఆయన తిన్నది అరగదు. ఆయన కట్టగలిగే జాగకే అందరూ పోవాలె. భద్రకాళి చెరువు కట్ట మీద మిర్చి బజ్జీలు తిన్నా ముచ్చట ముచ్చటే గదా. ఆ దోస్తుకు గూడ ఒక మాట: "నా కాడ రెండొందలే ఉన్నయ్, అండ్ల అయితే వస్త" అని పోకముందే చెప్పు. అప్పుడు చెప్తే అది మాటల నిక్కచ్చి. బిల్లు వచ్చినంక చెప్తే అందరికీ ఇబ్బంది.

దావత్ వేరే. ఉద్యోగం వచ్చింది, పుట్టినరోజైంది, బండి కొన్నడు, పిలిచినోడే కట్టాలె, అది మన తీరు. పిలిచినోడు జాగ చెప్పాలె, ఎంతమందో చెప్పాలె. పోయేటోళ్లు చెప్పకుండ ఇంకొకర్ని తీస్కపోవద్దు, మెనూల అన్నిటికంటే ఖరీదైనది చెప్పొద్దు. మధ్యల రకాలు చూసుకుండ్రి, లేదంటే "నువ్వే చెప్పు అన్నా" అనుండ్రి. ఇగ కౌంటర్ కాడ "నేనంటే నేను" అని చేతులు గుంజుకునుడు. ఒకసారి "నేను కడ్త" అనుండ్రి, వద్దంటే సరే అనుండ్రి. నిజంగ కట్టాలని ఉంటే చేతులు కడుక్కునే నెపంతోని లేచి, చడీచప్పుడు లేకుండ కట్టి రావాలె. పెద్దలను, చుట్టాలను తీస్కపోయినప్పుడు ఇదే మర్యాద. ఆడపిల్లలు తమ వాటా ఇస్తమంటే వద్దనొద్దు, మిగిలినోళ్ల కాడ ఎంత తీసుకుంటరో వాళ్ల కాడ అంతే తీసుకోవాలె.

లక్నవరానికో, బోగత జలపాతానికో సొంత కారుల పోతే పెట్రోల్ ఖర్చు కారున్నాయనను వదిలేసి మిగిలినోళ్లు పంచుకోవాలె. టైర్లు, సర్వీసింగ్ ఆయన మీదనే పడుతయ్ గదా. వెయ్యిన్నూరు పెట్రోల్ అయి, ఆయన కాక నలుగురుంటే తలా 275.

ఇగ దసరా. పట్నం నుంచి, బెంగళూరు నుంచి దోస్తులొస్తరు. జమ్మి ఆకు చేతుల పెట్టుకొని, అలాయ్ బలాయ్ తీసుకొని, రాత్రికి బావి కాడ కూసుంటరు. ఐటీల ఉన్నాయన "అంత నేనే పెడ్త" అంటడు. మనసు మంచిదే. కని ఊర్లున్నోళ్లకు అది బరువైతది, వచ్చే ఏడాది వాళ్లు రారు. ఆయన మందు, యాట కూర తన మీద ఏసుకోని. బావి ఉన్నాయన జాగ, కట్టెలు, కరెంటు ఇస్తడు. వండేటోడు పొద్దటి సంది పొయ్యి కాడ ఉంటడు, ఆయన వాటా పూర్తిగ మాఫీ. ఇంటి కోళ్లు తెచ్చినాయనకు కోళ్ల ధర కట్టి ఆయన వాటాల తీసేయాలె. బియ్యం, నూనె, మసాలా, గ్లాసులు, ఐసు, నీళ్ల డబ్బాలు మిగిలినోళ్లు తలా ఇంత. తెల్లారి గిన్నెలు ఎవరు తోముతరో గూడ ఆ లెక్కలనే రాయాలె, లేకుంటే అది బావి ఉన్నాయన భార్య మీద పడుతది, ఆమెను ఎవరూ అడగనే అడగరు. జమ చేసినదాంట్ల రెండొందలో మూడొందలో మిగిలితే, పట్నం బస్ ఎక్కేముందు హనుమకొండ బస్టాండ్ కాడ చాయ్‌కు అయిపోతయ్.

నేను చెప్పాల్సినవి ఇవి. ఇప్పుడు మీరు అడుగుండ్రి.